లావు గీత గొట్టం ఎప్పుడవుతుంది?

ట్రాక్టరు ముందు బిగించే లోడర్ ఒకటి. దాని సర్వీసు మాన్యువల్‌కి బొమ్మలు గీసే ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అప్పజెప్పిన మొదటి పేజీ అది. ఒక హైడ్రాలిక్ సిలిండరు, దానికి వెళ్లే రెండు రబ్బరు హోసులు, వాటి చివర ఫిట్టింగులు. సిలిండరూ ఫిట్టింగులూ ఐసోమెట్రిక్ గ్రిడ్ మీద, అంటే వస్తువుని ఒక మూలనుంచి చూస్తున్నట్టు గీయడానికి వాడే వాలు గీతల గడుల మీద, చక్కగా కుదిరాయి. హోసు బయటి వ్యాసం 20 మి.మీ. అని కాగితంలో ఉంది. కంప్యూటర్లో పెన్ టూల్‌తో ఒక వంపు గీశాను, స్ట్రోక్ మందం, అంటే గీత లావు, 20 పెట్టాను, దాని మీద కాస్త సన్నగా తెల్ల స్ట్రోక్ ఇంకొకటి వేశాను. రెండు నల్లటి అంచులతో గొట్టం తయారైంది.

బొమ్మ సరిచూడ్డానికి వచ్చిన పెద్ద మెకానిక్ ఒక్క చూపు చూసి, "బాబూ, ఈ పైపు దాంట్లోంచి ఊడొచ్చేలా ఉందయ్యా" అన్నారు. కొలతలన్నీ మళ్లీ చూశాను. ఒక్కటీ తప్పు లేదు. అయినా ఆయనన్నది నిజమే. హోసు బక్కగా ఉంది, దాన్ని పట్టుకోవాల్సిన లోహపు టోపీ వదులు చొక్కాలా ఉంది.

కొలతలు సరిగ్గా ఉండి బొమ్మ తప్పడం ఏమిటో తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. ఆ వారంలో తెలిసిందీ, ఆ తర్వాత ఏళ్ల తరబడి గొట్టాలు గీస్తూ దానికి చేర్చుకున్నదీ ఇక్కడ చెబుతాను. ఇలస్ట్రేటర్, ఇంక్‌స్కేప్, కోరెల్‌డ్రా, ఐసోడ్రా, ఈ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లలో ఏది తెరిచినా ఇదే కథ. బటన్ల పేర్లు మారతాయి, జ్యామితి మారదు.

గోళీల దండ

గొట్టం గీయడానికి అందరూ చెప్పే చిట్కా ఒకటే: మధ్యరేఖ గీయండి, దానికి లావు స్ట్రోక్ ఇవ్వండి. చాలామంది దీన్ని పని తొందరగా అవడానికి చేసే మోసంగా భావిస్తారు. గొట్టం మూడు కొలతల వస్తువు, కొంతచోట మనవైపు వస్తుంది, కొంతచోట వెనక్కి వెళుతుంది, అలాంటిదాన్ని ఒకే మందమున్న గీతతో ఎలా చూపిస్తాం అని వాళ్ల అనుమానం. నాకూ అదే అనుమానం ఉండేది.

ఒకే సైజు గోళీలు కొన్ని వందలు తీసుకుని దారం మీద ఒకదాన్నొకటి ఒరుసుకునేలా గుచ్చామనుకోండి. ఇంకా దగ్గరగా, ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోయేంత దగ్గరగా ఊహించుకోండి. గోళీలు కనబడవు, నున్నటి గొట్టం కనబడుతుంది. లెక్కల్లో గొట్టమంటే ఇదే: మధ్యరేఖ వెంట జరుగుతూ పోయే ఒక గోళం తాకిన చోటంతా.

ఇప్పుడు ఆ దండని దూరం నుంచి చూడండి. టెక్నికల్ బొమ్మల్లో వాడే ఐసోమెట్రిక్, డైమెట్రిక్, ట్రైమెట్రిక్ పద్ధతులన్నింట్లో చూపు గీతలు సమాంతరంగా ఉంటాయి. దగ్గరి వస్తువు పెద్దగా, దూరపు వస్తువు చిన్నగా కనబడడం ఉండదు. గోళీని ఏ పక్కనుంచి చూసినా గుండ్రంగానే కనిపిస్తుంది, దాని సైజూ మారదు. కాబట్టి దండలో ప్రతి గోళీ కాగితం మీద ఒకే వ్యాసమున్న వృత్తమే అవుతుంది. ఆ వృత్తాలన్నిటి బయటి అంచు, మధ్యరేఖకి రెండు పక్కలా ఒకే దూరంలో నడిచే గీత. సాఫ్ట్‌వేర్ స్ట్రోక్ గీసేటప్పుడు చేసేదీ అచ్చం ఇదే, గుండ్రటి కుంచెని గీత వెంట జరపడం.

అంటే సమాంతర చూపులో లావు గీత గొట్టానికి నకలు కాదు, గొట్టపు అసలు ఆకారమే. హోసు మనవైపు దూసుకొచ్చినా, పక్కకి వంగినా, వెనక్కి మళ్లినా దాని వెడల్పు మారదు. పొడవు కుదించుకుపోతుంది గానీ లావు తగ్గదు. కొందరు "లోతు" చూపించాలని హోసుని ఒక చివర సన్నగా చేస్తారు. పర్‌స్పెక్టివ్ బొమ్మలో అది న్యాయం. ఐసోమెట్రిక్ బొమ్మలో హోసుకి రోగం వచ్చినట్టుంటుంది.

మరి నా 20 మి.మీ. ఎక్కడ తప్పింది?

1.22 సంగతి

1822లో కేంబ్రిడ్జిలో విలియం ఫారిష్ ఐసోమెట్రిక్ పద్ధతిని వివరిస్తూ వ్యాసం ప్రకటించారు. ఆయన తరగతి కోసం యంత్రాల నమూనాలని విడిభాగాలతో అప్పటికప్పుడు కూర్చేవారు. సహాయకులు వాటిని మళ్లీ సరిగ్గా బిగించాలంటే బొమ్మలు కావాలి, అందుకే ఈ పద్ధతి. పుట్టుకతోనే ఇది మెకానిక్ కోసం గీసే బొమ్మ అన్నమాట.

పెట్టెని సరిగ్గా ఒక మూలనుంచి చూస్తే మూడు అంచులూ సమానంగా కుదించుకుపోయి, అసలు పొడవులో 0.816 వంతు కనిపిస్తాయి. ప్రతి కొలతనీ 0.816తో హెచ్చవేయడం విసుగు. అందుకని గీసేవాళ్లు ఆ కుదింపుని వదిలేసి, అంచుల వెంట అసలు కొలతలే వేసేస్తారు. ఇలస్ట్రేటర్ వాడేవాళ్లు చేసే 86.602 శాతం స్కేలు, 30 డిగ్రీల షియర్ (పక్కకి వాల్చడం), 30 డిగ్రీల రొటేట్ (తిప్పడం) అన్న మూడు మెట్ల పద్ధతి కూడా అసలు కొలతల్నే ఇస్తుంది. దీనివల్ల బొమ్మ మొత్తం కాస్త ఉబ్బుతుంది. ఎంతంటే 1ని 0.816తో భాగించినంత, అంటే 1.22 రెట్లు. అన్నీ ఒకే లెక్కన ఉబ్బుతాయి కాబట్టి కంటికి తేడా తెలియదు.

ఉబ్బనిది ఒక్కటే ఉంది, స్ట్రోక్ మందం. అది మనం డబ్బాలో టైపు చేసే అంకె. ఐసోమెట్రిక్ తలం మీద 20 మి.మీ. వృత్తాన్ని పడుకోబెడితే వచ్చే దీర్ఘవృత్తం 24.5 పొడవు, 14.1 వెడల్పు ఉంటుంది. ఆ 24.5 మి.మీ. నోట్లోకి నేను 20 మి.మీ. గొట్టాన్ని దూర్చాను. ఊడిపోయేలా ఉండక ఏమవుతుంది? స్ట్రోక్‌ని 24.5 చేయగానే హోసు ఫిట్టింగులో బిర్రుగా కూర్చుంది.

దీనికి ఒక షరతుంది. హోసు చేర్చాల్సిన అసలు బొమ్మ క్యాడ్ (కంప్యూటర్ డిజైన్ సాఫ్ట్‌వేర్) నుంచి ఐసోమెట్రిక్ వ్యూగా వచ్చిందనుకోండి, అందులో కుదింపు ముందే జరిగిపోయి ఉంటుంది. అక్కడ 20 అంటే 20 పెట్టాలి, 1.22 కలిపితే హోసు ఫిట్టింగుకన్నా లావైపోతుంది. కాబట్టి గీయడానికి ముందు, ఈ బొమ్మ ఎవరు ఎలా చేశారో కనుక్కోండి. కనుక్కునే వీల్లేకపోతే కొలత తెలిసిన గుండ్రటి భాగం ఒకటి వెతికి, దాని దీర్ఘవృత్తపు పొడవాటి అక్షం కొలవండి. హోసు వ్యాసం, ఆ భాగం వ్యాసం ఏ నిష్పత్తిలో ఉన్నాయో స్ట్రోకూ ఆ అక్షమూ అదే నిష్పత్తిలో ఉండాలి.

పైపు ఒకటి కాదు, రెండు

తెలుగులో మనం అన్నిటినీ పైపే అంటాం. గ్యాసు పొయ్యి రబ్బరు పైపు, మిద్దె మీద ట్యాంకు నుంచి దిగే ప్లాస్టిక్ పైపు, మొక్కలకి నీళ్లు పట్టే పైపు. మాటకి ఇబ్బంది లేదు గానీ, గీసేవాడికి ఇవి రెండు వేరువేరు జాతులు. ఒకటి బిగుసు గొట్టం, రెండోది మెత్తటి హోసు. బిగుసు గొట్టం ఆకారాన్ని దాన్ని వంచిన మిషను నిర్ణయిస్తుంది. హోసు ఆకారాన్ని దాని రెండు చివరలు నిర్ణయిస్తాయి. మధ్యరేఖ గీయడంలోనే రెండిటి దారులూ వేరవుతాయి.

బిగుసు గొట్టం అంటే తిన్నటి ముక్క, వృత్తఖండం, మళ్లీ తిన్నటి ముక్క. అంతకుమించి ఏమీ ఉండదు. ఇక్కడ కొత్తవాళ్లు తప్పకుండా చేసే పొరపాటు, ఐసోమెట్రిక్ గ్రిడ్ మీద మలుపుల గీత గీసి మూలల్ని సాఫ్ట్‌వేర్‌తో గుండ్రం చేయడం. సాఫ్ట్‌వేర్ అన్ని మూలలకీ ఒకే వ్యాసార్ధమున్న నిజమైన వృత్తఖండం వేస్తుంది. కానీ 90 డిగ్రీల మలుపు ఐసోమెట్రిక్‌లో ఒకచోట 120 డిగ్రీలుగా, ఇంకోచోట 60 డిగ్రీలుగా కనిపిస్తుంది. ఆ వంపు వృత్తఖండం కాదు, దీర్ఘవృత్తంలో ఒక ముక్క. అసలు వంపు వ్యాసార్ధం 100 అయితే, 120 డిగ్రీల మూల నడుమ వంపు 212 వ్యాసార్ధంతో తీరిగ్గా తిరుగుతుంది. 60 డిగ్రీల మూల నడుమ 41తో గబుక్కున తిరుగుతుంది. అయిదు రెట్లకి పైగా తేడా. ఒకే గొట్టం, ఒకే మిషను, ఒకే వంపు. ఈ తేడా చూపించకపోతే గొట్టం కాగితానికి అతుక్కుపోయిన రిబ్బనులా కనిపిస్తుంది.

ఇందుకు పద్ధతి తేలికే. ముందు మామూలు కాగితం మీద, ఎదురుగా చూస్తున్నట్టు, తిన్నటి గీతలూ నిజమైన వృత్తఖండాలతో మధ్యరేఖ గీయండి. ఆ మధ్యరేఖని ఐసోమెట్రిక్ తలంలోకి పడుకోబెట్టండి. ఆ తర్వాతే స్ట్రోక్ మందం ఇవ్వండి. వరుస తారుమారై, మందమిచ్చి ఎక్స్‌పాండ్ చేశాక (గీతని నిండు ఆకారంగా మార్చాక) పడుకోబెడితే గొట్టం చపాతీ అవుతుంది. గీతే పడుకోవాలి, మందం పడుకోకూడదు.

ఇక్కడే లావు గీత చెప్పే నిజం మొదటిసారి బీటలువారుతుంది. 60 డిగ్రీల మూలలో మధ్యరేఖ వంపు వ్యాసార్ధం అసలుదాంట్లో 0.41 వంతు. గొట్టం సగం మందం మాత్రం అసలుదానికి 1.22 రెట్లు. లోపలి అంచు నడవడానికి చోటుండాలంటే మొదటిది రెండోదానికన్నా ఎక్కువ ఉండాలి. లెక్క కడితే, గొట్టాన్ని దాని వ్యాసానికి ఒకటిన్నర రెట్లకన్నా బిగుతుగా వంచినప్పుడు లోపలి అంచు తనమీద తనే మడతపడుతుంది. ట్యూబుని మూడు రెట్ల వ్యాసార్ధంతో వంచితే ఈ బాధ లేదు. ప్లాంటు పైపింగులో వాడే ఎల్బో (పైపు మలుపు ముక్క) విషయం వేరు. నాలుగంగుళాల పైపు బయటి వ్యాసం 114.3 మి.మీ., దాని లాంగ్ రేడియస్ ఎల్బో మధ్యరేఖ వ్యాసార్ధం 152 మి.మీ. చిల్లర. ఒకటీ మూడోవంతు రెట్లు మాత్రమే, హద్దుకి లోపల. అంటే మనం రోజూ గీసే ఎల్బోకే ఆ మడత ఉంటుంది.

మడత పడ్డప్పుడు కంటికి ఏం కనబడుతుందో తెలుసుకోవడానికి పళ్లెంలో గారె పెట్టుకుని చూడండి. నిలువుగా పైనుంచి చూస్తే చిల్లు గుండ్రంగా ఉంటుంది. తలవంచి ఏటవాలుగా చూడండి, చిల్లు కంటి ఆకారంలోకి మారుతుంది. ఆ కంటి రెండు కొసల దగ్గర జాగ్రత్తగా చూస్తే, మనవైపున్న అంచు గీత చిల్లు అయిపోయిన చోట ఆగదు. ఇంకొంచెం ముందుకెళ్లి గారె ఒంట్లోకి కరిగిపోతుంది. అవతలి అంచు మాత్రం కొస దగ్గరే దీని వెనక్కి దాక్కుంటుంది. ఎల్బో లోపలి మూలలోనూ జరిగేది ఇదే.

సాఫ్ట్‌వేర్‌కి ఈ కొసరు గీత తెలియదు. స్ట్రోక్‌ని ఔట్‌లైన్‌గా మార్చినా, ఆఫ్‌సెట్ పాత్ వాడినా, మడతని పనికిరాని ముక్కగా లెక్కగట్టి కత్తిరించేసి అక్కడ ఒక పదునైన మూల వదిలిపెడుతుంది. ఆ మూలని చూస్తే కన్ను రెండు పైపుల్ని కోసి అతికించారని చదువుకుంటుంది. మనం చేయాల్సింది, దగ్గరగా ఉన్న కాలు తాలూకు లోపలి అంచుని ఆ మూల దాటించి, గొట్టం ఒంటి మీదికి కాస్త పొడిగించి, కొసన సన్నబరిచి వదిలేయడం. మూడు నాలుగు మిల్లీమీటర్ల గీత. నా మట్టుకు గొట్టాల బొమ్మల్లో ఎక్కువ నమ్మకాన్నిచ్చే గీత ఇదే, యంత్రం తనంతట తాను గీయలేనిదీ ఇదే.

హోసు తన దారి తనే వెతుక్కుంటుంది

మెత్తటి హోసులో వృత్తఖండాలు ఉండవు. రెండు చివరలూ బిగించి వదిలేస్తే, తనని తాను వీలైనంత తక్కువ కష్టపెట్టుకునే వంపులోకి అది సర్దుకుంటుంది. అలాంటి వంపుల్ని 1744లోనే ఆయిలర్ లెక్కగట్టారు. వాటి లక్షణం, వంపు ఎక్కడా హఠాత్తుగా మారకపోవడం. తిన్నగా ఉన్నది మెల్లగా వంగుతుంది, వంగినది మెల్లగా సర్దుకుంటుంది. వెనకటి ఓడల కార్ఖానాల్లో సన్నటి చెక్క బద్దని బరువుల మధ్య వంచి దాని వెంట వంపులు గీసేవారు. ఆ బద్ద పేరే స్ప్లైన్, మన సాఫ్ట్‌వేర్ వంపులకి ఆ పేరు అక్కణ్ణుంచే వచ్చింది. హోసు కూడా ఒక బద్దే.

అందువల్ల హోసు గీసేటప్పుడు నోడ్లు (గీతని పట్టి ఉంచే బిందువులు) ఎంత తక్కువుంటే అంత మంచిది. మామూలు హోసుకి రెండు చివర్ల రెండు నోడ్లు చాలు. నోడు నుంచి వంపుని లాగే ప్రతి హ్యాండిలూ ఫిట్టింగు తిరిగి ఉన్న దిక్కులోనే బయటికి రావాలి, పొడవు హోసులో మూడోవంతు దగ్గరగా ఉండాలి. మలుపు కుదరలేదని మధ్యలో మూడో నోడు పెడితే అక్కడ ఒక గణుపు తేలుతుంది. మధ్యరేఖలో కంటికి ఆనని ఆ గణుపు, 24 మి.మీ. స్ట్రోక్ వేశాక లోపలి అంచులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మూడో బిందువు తప్పనిసరైతే ఇంక్‌స్కేప్‌లో స్పైరో వంపు వాడి చూడండి. బిందువుల మధ్య వంపు నెమ్మదిగా మారేలా అది తనే చూసుకుంటుంది, హోసు స్వభావానికి దగ్గరగా వస్తుంది.

వంపు అందంగా ఉంటే సరిపోదు. అది నిజం హోసు వంగగలిగిన వంపై ఉండాలి. హైడ్రాలిక్ హోసులో రబ్బరు పొరల మధ్య ఉక్కు తీగల అల్లిక ఉంటుంది. హైడ్రాలిక్ హోసుల యూరప్ ప్రమాణం ఈఎన్ 853లో రెండు అల్లికలున్న అరంగుళం హోసుని 180 మి.మీ. వ్యాసార్ధంకన్నా బిగుతుగా వంచకూడదు. ముప్పావు అంగుళానికి ఆ హద్దు 240, అంగుళానికి 300. అరంగుళం హోసు బయటి వ్యాసం సుమారు 22 మి.మీ. ఉంటుంది. అంటే అది యూ టర్న్ తీసుకుంటే మధ్యలో అలాంటి హోసులు పదహారు పక్కపక్కన పట్టేంత ఖాళీ ఉండాలి. పేజీలో చోటు చాలదని మనం ఆ ఖాళీని మూడు హోసుల వెడల్పుకి కుదించేస్తాం. బొమ్మ చూసి బిగించే మనిషి అది మన పేజీ ఇబ్బంది అనుకోడు, అలాగే వంచాలి కాబోలనుకుంటాడు. చోటు లేకపోతే హోసుని మధ్యలో విరిచి, విరిచినట్టు తెలిసే గుర్తు పెట్టడం మేలు.

ఇంకో రెండు సంగతులు మెకానిక్‌ల దగ్గరే నేర్చుకున్నాను. ఒత్తిడి ఎక్కగానే హోసు పొడవు మారుతుంది. ప్రమాణాలు అనుమతించే హద్దు 2 శాతం పొడుగు నుంచి 4 శాతం పొట్టి దాకా. మీటరు హోసు నాలుగు సెంటీమీటర్లు కుదించుకుపోవచ్చు. అందుకే రెండు ఫిట్టింగుల మధ్య హోసుని వీణ తీగలా లాగి గీయకూడదు, కొంచెం జారు ఉండాలి. రెండోది, హోసు పొడవునా పేరూ సైజూ ముద్రించిన ఒక చార ఉంటుంది. హోసు మెలిపడకుండా బిగించారో లేదో మెకానిక్ ఆ చారని చూసే తెలుసుకుంటాడు. బొమ్మలో ఆ చార వేస్తే అది ఒక చివర నుంచి రెండో చివర దాకా హోసుకి ఒకే పక్కన నడవాలి. అందం కోసం దాన్ని చుట్టూ తిప్పితే మెలిపెట్టిన హోసుని నేర్పినట్టే.

వస్తోందా, వెళ్తోందా

లావు గీతకి ఒక పెద్ద లోటుంది. హోసు వెడల్పు మారదని చెప్పుకున్నాం, కాబట్టి అది మనవైపు వస్తోందో వెనక్కి వెళ్తోందో ఆ రెండు అంచులూ చెప్పలేవు. అది చెప్పాల్సింది అడ్డగీతలు: హోసు నోరు, క్లాంపు, ఫిట్టింగు అంచు.

చేతికి గాజులేసుకున్న మనిషి మీవైపు చెయ్యి చాపితే, గాజుల్లో మీకు కనబడే సగం మోచేతివైపు ఉబ్బి ఉంటుంది. అదే చెయ్యి అవతలికి చాపితే ఉబ్బు వేళ్లవైపు తిరుగుతుంది. ఎప్పుడైనా ఉబ్బు దూరం పోయే కొసవైపే. హోసు మీది క్లాంపుదీ అదే నియమం. ఉన్న బొమ్మలో ఒక్క క్లాంపు వంపుని తిరగేసి చూడండి, రెండు అంచులూ కదలకుండానే హోసు మొత్తం లోపలికి పోతున్నదల్లా బయటికి వచ్చేస్తుంది. అందుకే ఈ చిన్న వంపు తప్పితే బొమ్మంతా తప్పుతుంది.

ఆ దీర్ఘవృత్తం ఎలా నిలబడాలన్నదానికి నియమం గట్టిది. పొడవాటి అక్షం హోసుకి సరిగ్గా అడ్డంగా, స్ట్రోక్ వెడల్పంత. పొట్టి అక్షం హోసు దిక్కులో. పొట్టి అక్షం ఎంతుండాలన్నది హోసు అక్కడ ఎంత కుదించుకుపోయిందన్న దానిమీద ఉంటుంది. ఐసోమెట్రిక్ అక్షం వెంట నడిచే హోసుకి పొట్టి అక్షం పొడవాటిదాంట్లో 0.577 వంతు. పాత ప్లాస్టిక్ స్టెన్సిళ్ల మీద 35 డిగ్రీల 16 నిమిషాలు అని ఉండేది దీనికే. కాగితానికి సమాంతరంగా నడిచే చోట దీర్ఘవృత్తం గీతగా మారిపోతుంది. మన ముఖం మీదికే వచ్చేచోట పూర్తి వృత్తమవుతుంది. వంకర హోసు మీద నాలుగు క్లాంపులుంటే నాలుగిటికీ లావు వేరువేరుగా ఉండాలి. ఒకటి గీసి కాపీ కొట్టి తిప్పి అతికిస్తే కన్ను పట్టేస్తుంది, తప్పేమిటో పేరుపెట్టి చెప్పలేకపోయినా.

ఈ నియమమే గాళ్ల పైపులకీ పనికొస్తుంది. వాషింగ్ మెషిన్ నీళ్లు వదిలే పైపుకి ఉన్నవి విడివిడి వలయాలు. పొలం మోటారుకి తగిలించే పచ్చ సక్షన్ పైపుకి ఉన్నది ఒకే గట్టు, స్ప్రింగులా చుట్టుకుంటూ పోతుంది. మొదటిదానికి వలయాలు మధ్యరేఖకి సరిగ్గా అడ్డంగా, రెండోదానికి కాస్త వాలుగా ఉండాలి. ఇలస్ట్రేటర్‌లో రెండు వంపులు గీసి బ్లెండ్ చేసి (వాటి మధ్య వంపుల వరుస నింపించి), స్పైన్‌గా, అంటే ఆ వరుస నడిచే దారిగా, మధ్యరేఖని ఇచ్చి, అలైన్ టు పాత్ పెడితే వరుస పడుతుంది. ఇంక్‌స్కేప్‌లో పాటర్న్ అలాంగ్ పాత్ ఆ పని చేస్తుంది. అయితే రెండూ కాగితం మీది పొడవుని సమానంగా పంచుతాయి. హోసు మనవైపు తిరిగేచోట గాళ్లు దగ్గరపడాలనీ, ఒక్కో వలయం ఇంకా గుండ్రంగా తెరుచుకోవాలనీ వాటికి తెలియదు. నేను అలాంటి హోసుని మూడు నాలుగు ముక్కలుగా బ్లెండ్ చేసి, ముక్కముక్కకీ ఎడమూ వలయం లావూ మారుస్తాను. అల్లిక హోసులకి మాత్రం ఇంత శ్రమ అక్కర్లేదు. రెండు మూడు చోట్ల కొంచెం అల్లిక చూపించి మిగతాది ఖాళీగా వదిలితే చదివేవాడు తనే నింపుకుంటాడు.

అంచులు, వెలుగు

మాన్యువల్ బొమ్మల్లో రంగులకన్నా గీత మందాలదే పెత్తనం. ఖాళీని ఆనుకున్న అంచుకి లావు గీత, ఒంటి మీది వివరాలకి సన్న గీత. టెక్నికల్ బొమ్మల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 128 మందాల వరుసలో 0.5, 0.25 మి.మీ. తీసుకుంటే సరిపోతుంది. ఒకదాని మీద ఒకటి వేసిన రెండు స్ట్రోకుల గొట్టంలో రెండు అంచులూ సమానంగా వస్తాయి. పైనున్న తెల్ల స్ట్రోక్‌ని మిల్లీమీటరులో పదోవంతు పైకీ, అంతే ఎడమకీ జరపండి. కింది, కుడి అంచులు లావెక్కుతాయి, పై, ఎడమ అంచులు సన్నబడతాయి. హోసు ఎన్ని మెలికలు తిరిగినా మందం దానంతట అదే మారుతూ పోతుంది. నల్ల స్ట్రోక్‌నే కదిలించకుండా ఉంచడం ముఖ్యం, ఫిట్టింగుతో కుదరాల్సింది దాని వెడల్పే.

మెరుపు విషయంలో ఒక మాట. స్ట్రోక్‌కి అడ్డంగా గ్రేడియెంట్ ఇచ్చే వీలు ఇలస్ట్రేటర్‌లో 2012 నాటి సీఎస్6 నుంచి ఉంది. సరిగ్గా మధ్యలో తెల్లచార పెడితే, దీపం చూసేవాడి నుదుటి మీద ఉన్నట్టు లెక్క. పక్కనున్న సిలిండరుకి వెలుగు ఎడమ పైనుంచి పడుతుంటే హోసు మెరుపు దానితో తగువుపడుతుంది. అడ్డంగా పోయే చోట మెరుపు పై అంచువైపు, నిలువుగా దిగే చోట ఎడమ అంచువైపు జరగాలి. గ్రేడియెంటుతో ఇది కుదరదు. మెరుపుని వేరే సన్నటి స్ట్రోకుగా గీసి, ఇందాకటిలా పైకీ ఎడమకీ జరిపితే కుదురుతుంది. దాన్ని అక్కడక్కడా తెంపితే రబ్బరు, తెంపకుండా పదునుగా ఉంచితే స్టీలు.

తనని తాను దాటే హోసు

చివరగా, అందరినీ సతాయించే చోటు. ఒకే హోసు మెలిక తిరిగి తన మీదుగా తనే దాటితే, స్ట్రోకుల గొట్టం నాలుగు రోడ్ల కూడలిలా కలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్ ముందు మొత్తం గీతకి నల్లది వేసి, ఆ తర్వాత మొత్తం గీతకి తెల్లది వేస్తుంది. దాటే చోట పై హోసు అంచుల్ని కింది హోసు తెలుపు తుడిచేస్తుంది. రెండు వేర్వేరు హోసులైతే ఈ గొడవ లేదు, పైదాన్ని లేయరులో పైకి జరిపితే సరి.

ఒకే హోసుకి మందు, మధ్యరేఖని కత్తిరించడమే. ఎక్కడ కత్తిరిస్తామన్నదే కిటుకు. దాటే చోట కత్తిరిస్తే అతుకు కనబడుతుంది. అక్కడికి దూరంగా, క్లాంపు కిందో బ్రాకెట్టు వెనకో, ఏదైనా కప్పే చోట కత్తిరించండి. అలాంటి చోటు లేకపోతే తిన్నగా ఉన్న ముక్క మీద కత్తిరించి, కొసలకి బట్ క్యాప్ (చదునుగా తెగే కొస) పెట్టి, తెల్ల స్ట్రోక్ ఒక్కదాన్నే రెండో ముక్క మీదికి వెంట్రుకవాసి పొడిగించండి. పై ముక్కకి అన్నిటికన్నా అడుగున, ఒక మిల్లీమీటరు వెడల్పెక్కువున్న తెల్ల స్ట్రోక్ ఇంకొకటి వేయండి. కింది హోసు గీతలు పై హోసుని తాకకుండా కొంచెం ముందే ఆగిపోతాయి, ఆ సన్నటి ఖాళీలో ఏది పైనో ఏది కిందో ఫోటోస్టాట్ కాపీలో కూడా తెలుస్తుంది. ఇంక్‌స్కేప్‌లో నాట్ అనే పాత్ ఎఫెక్టు ఇలాంటి ఖాళీని కత్తెర లేకుండానే ఇస్తుంది, ఏది పైకి రావాలో ఒక్కో దాటుకీ మార్చుకోవచ్చు.

ఇన్ని చేసినా మధ్యరేఖని మాత్రం ఎక్స్‌పాండ్ చేయకుండా అలాగే ఉంచుకోండి. అచ్చుకి పంపే కాపీలో చేయండి, మీ దగ్గరున్న ఫైలులో వద్దు. ఆ లోడర్ మాన్యువల్ రెండో ముద్రణకి వచ్చేసరికి హోసు సైజు మారింది. అరంగుళం పోయి ముప్పావు అంగుళం వచ్చింది. మధ్యరేఖలు బతికే ఉన్నాయి కాబట్టి, వంపులు 180 హద్దు నుంచి 240 హద్దుకి వెడల్పు చేసి, స్ట్రోక్ అంకెలు మార్చేసరికి సాయంత్రం టీ వేళ అయింది. అన్నీ 1.22తో హెచ్చవేసే మార్చాను.